పాత బియ్యం



విన్న సంగతినే ఎవరైనా మళ్ళీ వినిపిస్తే మనవారు "పాత చింతకాయ పచ్చడి" అని ఈసడించుకుంటారు. ఈ మాట మొదట ఎవరు పుట్టించారో గాని, ఆ పచ్చడికి మాత్రం అన్యాయం చేశారు. బాలింతకు గాని, జ్వరంపడి లేచినవారికి గాని తొలి పథ్యం పెట్టేనాడు మన ఇళ్ళలో వెదికేది ఆ పాత చింతకాయ పచ్చడినే. దాని పక్కన వడ్డించే అన్నం పాత బియ్యపుటన్నం. కొత్తదనాన్నే గొప్పగా చెప్పుకొనే ఈ రోజులలో పాతబడినందువల్లనే విలువ పెరిగే వస్తువును గురించి కొద్ది నిమిషాలు మీతో ముచ్చటించాలని నా కోరిక.

ఆహారపదార్థాలలో చాలవాటికి కాలం శత్రువు. పాలు పూటకు విరుగుతాయి, కూర మర్నాటికి పులుస్తుంది. కొన్నింటికి మాత్రం కాలం రెండవ వంటమనిషి వంటిది. పొయ్యిమీద అగ్ని చేయలేని పనిని అది చల్లగా, చప్పుడు లేకుండా చేసి పెడుతుంది. వైద్యులు పాత నేతిని, పాత బెల్లాన్ని, పాత తేనెను వేరుగా ఎంచి చెప్పడం ఇందువల్లనే. మా నెల్లూరు చేపల పులుసు కూడ వండిన పూట కంటె మర్నాడే బాగుంటుందని తెలియనివారు ఈ తీరంలో లేరు.

ఈ సంగతిలో మనకు దూరపు చుట్టాలు చీనాదేశంలో ఉన్నారు. ఆ దేశానికి నైరుతిమూల యున్నాన్ అనే కొండల రాష్ట్రమున్నది. అక్కడి పెద్ద ఆకుల తేయాకును ఎండలో ఆరబెట్టి, ఆవిరి పట్టి, బిళ్ళలుగా అచ్చొత్తుతారు. దానిని పూఅర్ తేయాకు అంటారు. పూర్వం గుర్రాల మీద, కంచరగాడిదల మీద టిబెట్టు వరకు మోయించుకుపోయిన సరుకు అది. ఒక్కొక్క బిళ్ళ తూకం మామూలుగా 357 గ్రాములు. ఏడు బిళ్ళలను వెదురుపొరలో కలిపి ఒక కట్ట కడతారు. బిళ్ళను గాలి తగిలేచోట పది, ఇరవై, ముప్ఫై ఏళ్ళు ఉంచితే పచ్చి ఆకులోని వగరు, చేదు నెమ్మదిగా మెత్తబడి, కషాయం ఎర్రగా దిగుతుంది. త్రాగిన తరువాత గొంతులో తీపి తిరిగివస్తుందని చెప్పుకుంటారు. అన్నేళ్ళు ఆగలేనివారికోసం 1970 దశాబ్దంలో కున్‌మింగ్ నగరంలోని కర్మాగారంవారు ఆకును తడిపి, కుప్పవేసి, కొద్ది వారాలలోనే మగ్గించే పద్ధతిని ఏర్పరచారు.

వయస్సుకు ధర వచ్చినచోట నటన కూడ వస్తుంది. కొత్త బిళ్ళకు పాత కాగితం చుట్టేవారు, తడి కొట్టులో పెట్టి తొందరగా నలుపెక్కించేవారు అక్కడ బయలుదేరారు. 2007లో ఆ తేయాకు ధరలు ఆకాశానికంటి, ఆ ఏడే కూలిపోయాయి. అందుకే అక్కడి అనుభవజ్ఞులు కాగితంమీది అచ్చు చూసి ఊరుకోరు. ఆకు చూస్తారు, వాసన చూస్తారు, మొదటి నీరు పారబోసి తరువాతి నీరు రుచి చూస్తారు. అన్నిటికంటె ముందుగా, ఇన్నాళ్ళూ ఇది ఎవరి కొట్టులో ఉన్నదని అడుగుతారు. ఈ ప్రశ్నను దయచేసి జ్ఞాపకముంచుకోండి. మళ్ళీ దాని దగ్గరకే వస్తాను.

మన తీరంలో తేయాకు పండదు. మనకు పండేది వరి. ద్రావిడభాషలలో వడ్లకు నెల్లు అన్న పేరున్నది. నెల్లూరు పేరుకు అదే మూలమని కొందరు, కాదు, నెల్లి అనగా ఉసిరికచెట్టు మూలమని మరికొందరు చెబుతారు. పేరు ఎట్లా వచ్చినా, పెన్నానది నీటితో ఈ ఊరు ధాన్యపుటూరయింది. 1855 నాటికి నెల్లూరు వద్ద పెన్నకు ఆనకట్ట కట్టారు. 1880 దశాబ్దంలో సంగం వద్ద మరొకటి లేచింది. 2022లో ఆ రెండుచోట్లా కొత్త బారేజీలు ప్రారంభమైనవి. కోవూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు ప్రాంతాలలో కాలువ నీరు చివరి మడి వరకు పోయి, దాని అవతల ఉప్పునేల, ఇసుకదిబ్బలు, సముద్రం వస్తాయి.

ఈ నేలలో ఒకనాడు రాజ్యమేలిన వరి మొలగొలుకులు. ఎత్తుగా ఎదిగి, గాలివానకు పడిపోయే పైరు. కోతకు రావడానికి ఇంచుమించు ఆరు నెలలు పట్టేది. దిగుబడి స్వల్పం. కాని గింజ సన్నన, అన్నం తేలిక. మదరాసు నగరంలో నెల్లూరు బియ్యమంటే మర్యాద కలగడానికి ముఖ్యకారణం అదే. నెల్లూరులో నెలకొన్న వ్యవసాయ పరిశోధనాస్థానం వరి వంగడాల మీద చిరకాలంగా కృషి చేస్తున్నది. అక్కడినుంచి వచ్చిన నెల్లూరు మసూరి అనే 34449వ నెంబరు వంగడం ఈనాడు సుపరిచితం. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబమసూరి సంగతి చెప్పనక్కరలేదు. అవి తక్కువకాలంలో ఎక్కువ పండి ఎందరి కడుపులో నింపాయి. వాటిని నిందించడం కృతఘ్నత అవుతుంది. మొలగొలుకులను మాత్రం నేడు సంప్రదాయ విత్తనాలమీద మక్కువగల రైతులు చిన్న చిన్న మళ్ళలో నిలుపుకొని వస్తున్నారు.

ఇక పాతబడడమంటే ఏమిటి? కొత్త వడ్లు దంచి వండితే అన్నం జిగటగా, ముద్దగా వస్తుంది. గంజి చిక్కగా దిగుతుంది. కడుపులో బరువుగా ఉంటుంది. అందుకే కొత్త బియ్యాన్ని మనవారు సంక్రాంతి పొంగలికి, అరిసెలకు వాడారు. జిగట అక్కడ గుణం. విస్తరిలోని అన్నానికి మాత్రం అది దోషం. అవే వడ్లు ఏడాదిపాటు నిలువచేసి దంచితే, అదే ఎసరులో మెతుకు పొడవుగా సాగి విడివిడిగా నిలుస్తుంది. సోలెడు బియ్యానికి అన్నం ఎక్కువ అవుతుంది. గంజి పలుచగా దిగుతుంది.

ఈ మార్పుకు కారణాలను శాస్త్రజ్ఞులు కొంతవరకు విడదీసి చూపారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాసంస్థలో దేశికాచార్, సుబ్రహ్మణ్యం గారలు 1950 దశాబ్దంలోనే కొత్త బియ్యం, పాత బియ్యం ఉడికేటప్పుడు ఎట్లా ఉబ్బుతాయో పరిశీలించి ప్రకటించారు. నిలువలో గింజలోని కొవ్వు నెమ్మదిగా విడిపోతుంది. మాంసకృత్తులలోని గంధకపు బంధాలు బిగుస్తాయి. అందువల్ల గింజలోని పిండిరేణువులు ఉడుకునీటిలో పగిలి కరిగిపోకుండా, తమ హద్దులలో తాము ఉబ్బుతాయి. మొదటి మూడు నాలుగు నెలలలో ఈ మార్పు త్వరగానూ, తరువాత నిదానంగానూ జరుగుతుంది. వేడిమి ఎక్కువైనకొద్దీ వేగం పెరుగుతుంది.

మన ఆయుర్వేదగ్రంథాలు ఈ భాష ఎరుగవు. కాని ఫలితమెరుగును. కొత్త ధాన్యం గురువని, సంవత్సరం నిలిచినది లఘువని చెప్పాయి. 16వ శతాబ్దపు భావమిశ్రుడు తన భావప్రకాశంలో ఇంకొక మెట్టు ముందుకు వేశాడు. ఏడాది నిలిచిన ధాన్యం బరువును వదలుకొంటుంది గాని సారాన్ని వదలుకోదని, అటుపైన సారం కూడా క్రమంగా తగ్గిపోతుందని ఆయన అభిప్రాయం. అంటే పాతదనానికి కూడ ఒక మేర ఉన్నది. ఎంత పాతదైతే అంత గొప్పదన్నది వర్తకుని మాటేగాని వైద్యుని మాట కాదు.

ఇక్కడ మరొక విశేషం. జపానువారు మనవలెనే అన్నం తినే జాతి. వారికి పుల్లలతో ఎత్తితే విడిపోని, జిగటగా ఉండే అన్నం ఇష్టం. అందువల్ల వారు కొత్త బియ్యాన్ని పండుగవలె ఎదురుచూస్తారు. బియ్యం పాతబడకుండ 15 డిగ్రీల చల్లదనంలో నిలువచేస్తారు. మనం చేతివేళ్ళతో పులుసు కలుపుకొనే జాతి. మెతుకు మెతుకుకూ పులుసు అంటవలెనన్న కోరిక మనది. కాలం చేసే మార్పు ఒక్కటే అయినా, అది గుణమో దోషమో నిర్ణయించేది విస్తరి.

పాత బియ్యం అన్నప్పుడు పాత వడ్లని అర్థం చేసుకోవాలి. ఊక గింజకు కవచం. మర పట్టిన బియ్యాన్ని సంచిలో ఏళ్ళతరబడి ఉంచితే, పైన మిగిలిన తవుటి నూనె చెడి, అది పాతబడదు, ముక్కిపోతుంది. పాతబడడానికీ, ముక్కిపోవడానికీ మధ్య గీటు సన్నమైనది. పాత బియ్యానికి ఎండిన గడ్డివంటి, కొట్టుగది వంటి ఒక పొడి వాసన ఉంటుంది. ముక్కిన బియ్యానికి తడి గోనెసంచి వాసన ఉంటుంది. మొదటిది అన్నంలో కలిసిపోతుంది. రెండవది ఎన్నిసార్లు కడిగినా పోదు.

మా తీరంలో ఆ గీటు దాటకుండ కాపాడుకోవడం సులభం కాదు. ఇక్కడి గాలిలోనే తడి ఉన్నది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు, వాటితోపాటు తుఫానులు. ఆ వానలను నమ్మి నాటిన ముఖ్యమైన పంట మార్చి, ఏప్రిలు నెలలలో కోతకు వస్తుంది. వెంటనే వేసవి గనుక ఆ వడ్లు బాగా ఎండుతాయి. నిలువకు తగినవి అవే. నీరున్న ఏడు తరువాత వేసే ఎడగారు పంట వానల ముంగిట ఇంటికి వస్తుంది. దానిని పాతవేయాలని పెద్దలు ఆశపడేవారు కారు. గింజలో తేమ నూటికి 14 పాళ్ళు మించితే బూజు, పురుగు తప్పవని శాస్త్రం చెబుతున్నది. పెద్దలకు తూనిక యంత్రం లేదు. గింజను పంటికింద పెట్టి కొరికేవారు. టక్కున విరిగితే గాదెకు, మెత్తగా నలిగితే మళ్ళీ కళ్ళానికి.

వెదురుతడికెలతో అల్లి, లోపల, బయట మట్టీ పేడా మెత్తిన గాదెలు, గడ్డివెంటితో చుట్టిన పురులు, గట్టినేలలున్న మెట్టప్రాంతాలలో త్రవ్విన పాతరలు, ఇవి మన పూర్వుల కొట్లు. వడ్లమధ్య వేపాకు, వావిలాకు పొరలు పొరలుగా వేసేవారు. అయినా ముక్కుపురుగు, నుసిపురుగు, వడ్లచిలుక, గాదెకింది పందికొక్కు తమ భాగం తాము తీసుకొనేవి. ఆ నష్టానికి కూడ సిద్ధపడినవాడే పాత బియ్యం తినేవాడు.

ఇప్పుడు నా స్వవిషయం ఒకటి మనవిచేస్తాను. కొన్నేళ్ళ క్రిందట మా నాయనకు దీర్ఘమైన జ్వరం వచ్చి తగ్గింది. నోరు చేదు. ఏది పెట్టినా వద్దనేవారు. ఒకనాడు ఉదయం, "పాత మొలగొలుకుల అన్నం, చారు ఉంటే రెండు ముద్దలు తింటాను" అన్నారు. ఆయనంతట ఆయన అడిగిన మొదటి ఆహారం అది. నేను ఆ సాయంకాలమే నగరంలో ఒక దుకాణానికి పోయాను. వర్తకుడు మూడేళ్ళ పాత మొలగొలుకులని ఒక సంచి చూపాడు. సంచి పాతది. దానిమీది అచ్చు వెలసి ఉన్నది. గింజ పసుపుడాలుగా ఉన్నది. మామూలు బియ్యానికి రెట్టింపు ధర చెప్పాడు. బేరమాడడం కూడ పాపమనిపించి, ఇచ్చి తెచ్చాను.

మా మేనత్త అప్పుడు నాయనను చూడవచ్చి మా ఇంట ఉన్నది. ఇందుకూరుపేట వైపు పల్లెలో ఏభైఏళ్ళు గాదె చూసుకున్న మనిషి. నేను సంచి దించి గర్వంగా చెప్పాను. ఆమె గుప్పెడు తీసి అరచేతిలో రుద్దింది, నోటి ఆవిరి పట్టి వాసన చూసింది, రెండు గింజలు కొరికింది.

"యాడ తెచ్చినావబ్బయా?" అన్నది.

చెప్పాను.

"ఇది పాతదని నీకెవురు చెప్పింది? ఆవిరి పెట్టిన బియ్యం ఇది. పోయిన కోతవి. మొలగొలుకులు గూడా కాదు. మీ నాయనకి పెట్టబాక, కనిపెడతాడు."

నేను నమ్మలేదు. చదువుకున్నవాడిని గనుక పరీక్ష చేసి చూస్తానన్నాను. అరసోలెడు బియ్యం వండించాను. గంజి పలుచగానే దిగింది. మెతుకు విడివిడిగానే ఉన్నది. "చూశావా అత్తా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఒక ముద్ద నా చేతిలో పెట్టి, "ఊరికే తిను, ఏమీ కలుపుకోబాక" అన్నది. తిన్నాను. మెతుకు గట్టిగా ఉన్నది, కాని లోపల ఏమీ లేదు. ఉడికించిన వడ్లను జ్ఞప్తికి తెచ్చే వాసన ఒకటి సన్నగా ఉన్నది. అప్పుడు నాకు అర్థమైంది.

ఆమె తప్పు పట్టలేదు గాని, అందులోని చిక్కును నేను తరువాత చదివి తెలుసుకున్నాను. కొత్త వడ్లకు కొంతసేపు ఆవిరి పట్టించి, ఎండబెట్టి మర పడితే, ఆ బియ్యం నెలల నిలువవల్ల వచ్చే లక్షణాలను చాలవరకు ఒక్కపూటలో తెచ్చుకుంటుంది. ఇది మోసం కాదు. స్టీమ్ బియ్యమని ఉన్న పేరుతో అమ్మితే అది మంచి పద్ధతి, కొత్త బియ్యం పడనివారికి ఉపకారం కూడ. మోసం పేరు మార్చడంలో ఉన్నది. ప్రయోగశాలలో తాజాదనానికి ఒక పరీక్ష ఉన్నది. గ్వాయకాల్ అనే ద్రవాన్ని, హైడ్రోజన్ పెరాక్సైడును బియ్యం మీద వేస్తే, కొత్త గింజలోని ఒక జీవరసం వల్ల ఎర్రని గోధుమరంగు వస్తుంది. గింజ పాతబడినకొద్దీ రంగు తగ్గుతుంది. కాని ఆవిరి వేడికి కూడ ఆ జీవరసం నశిస్తుంది. కనుక రంగు రాకపోతే అది పాతదని చెప్పడానికి వీలులేదు. కొత్తది కాదనో, ఆవిరి పట్టినదనో మాత్రమే చెప్పగలం. గంజి పరీక్ష అంతే. రంగు పరీక్ష అంతే. పసుపుడాలు వయస్సువల్ల వస్తుంది, ఆవిరివల్ల వస్తుంది, తడికి వేడెక్కిన కుప్పవల్ల కూడ వస్తుంది.

అయితే కొనేవాడు ఏమి చేయాలి? మా అత్త దగ్గర నేర్చుకున్నది మీకు విన్నవిస్తాను. మొదట సంచిలోకి మోచేతివరకు చేయి పోనివ్వాలి. పైన ఒకటి, అడుగున ఒకటి ఉండడం వర్తకంలో క్రొత్త కాదు. చేతికి చల్లగా, చెమ్మగా తగిలితే అది కొత్తది. పొడిగా, జారుడుగా తగిలితే ముందుకు పోవచ్చు. గుప్పెడు బియ్యాన్ని వెలుతురులో చేటమీద పరచి చూడాలి. నిజంగా పాతబడిన బియ్యంలో రంగు గింజగింజకూ కొద్దిగా మారుతూ ఉంటుంది. ఆవిరి పట్టినదానిలో అన్నీ ఒకే తీరుగా, కొంచెం గాజువలె కనిపిస్తాయి. ఇది నిశ్చయమైన సాక్ష్యం కాదు, అనుమానానికి ఆధారం. తరువాత వాసన. తరువాత పన్ను. చివరికి ఎసరు.

రుచి చూచే పద్ధతి కూడ ఒకటున్నది. కుక్కరులో వండిన అన్నం అన్ని బియ్యాలనూ ఒకటి చేస్తుంది గనుక గిన్నెలో వండి గంజి వార్చాలి. వార్చిన గంజి ఒక గుక్క త్రాగి చూడాలి. పాతదానిలో గంజి తేటగా, స్వల్పమైన తీపితో ఉంటుంది. తొలిముద్ద ఉత్తదే తినాలి. అందులో బియ్యం తన మాట తాను చెబుతుంది. రెండవ ముద్ద నేతితో. మంచి పాత బియ్యం నేతిని పైకి తేలనీయదు, లోనికి పుచ్చుకుంటుంది. మూడవది పులుసుతో. మామిడికాయ వేసిన చేపల పులుసు గాని, శాకాహారులకు ముక్కల పులుసు గాని కలిపినప్పుడు మెతుకు చిదిమిపోక నిలవాలి. కడపటిది మజ్జిగతో. చల్లారిన అన్నం మజ్జిగలో ముద్దకట్టక విడిపోతే అది పరీక్ష నెగ్గినట్లే. పోతే, లేచి చేయి కడుక్కున్న గంటకు కడుపు ఏమంటున్నదో వినాలి. జిహ్వ మోసపోవచ్చును గాని, కడుపు అంత తేలికగా మోసపోదు.

ఇన్ని చేసినా మిగిలే ప్రశ్న ఒకటున్నది. ఇన్నాళ్ళూ ఇది ఎవరి కొట్టులో ఉన్నది? యున్నాన్ తేయాకును గురించి అడిగే ప్రశ్నే. దానికి జవాబు గింజలో లేదు, మనిషిలో ఉన్నది. మర్నాడు మా అత్త పల్లెకు కబురుచేసింది. రెండేళ్ళ క్రిందటి మొలగొలుకులు ఆమె తన చేతులతో ఎండబెట్టించి, వేపాకు వేయించి పోయించినవి, దంచి పంపారు. నాయన ఒక ముద్ద నోట పెట్టుకొని, కొంచెంసేపు ఆగి, "అక్క గాదెవి" అన్నారు. ఆ పూట ఆయన అడిగి మరొకసారి వడ్డించుకున్నారు. నేను మా అత్త ముఖం చూడలేక వంటింట్లోకి పోయాను.

ఈ కథ నా ఒక్కరిదే అయితే ఇంత చెప్పనవసరం లేదు. నెల్లూరు సీమలో నేటికీ వడ్లను పుట్లలో లెక్కిస్తారు. ఇక్కడి పుట్టి 850 కిలోలు. నూటికి 67 పాళ్ళు బియ్యం వస్తుందనుకుంటే, పుట్టికి 570 కిలోలు. ఒక చిన్న కుటుంబానికి ఏడాదికి ఒక పుట్టి వడ్లు సరిపోగా మిగులుతాయి. అయినా ఆ ఒక్క పుట్టి కూడ ఇంట నిలువచేసే రైతులు తగ్గిపోయారు. దానికి వారిని తప్పు పట్టలేము. పూర్వం కోసిన పనలు కొన్ని వారాలు కుప్పలో ఉండి తరువాత కళ్ళానికి వచ్చేవి. ఇప్పుడు కోతయంత్రం ఒక్క ఉదయంలో పొలాన్ని చుట్టివేసి, తడివడ్లను గట్టుమీద పోస్తుంది. ఎండబెట్టడానికి చోటు లేదు, మనిషి లేడు. అప్పు వడ్డీ ఆగదు. తేమ కొంచెం ఎక్కువగా ఉన్నా కొనేవాడు గట్టుమీదికే వస్తాడు. రైతు ఆ గట్టుమీదనే అమ్మి, తరువాత తానే దుకాణంలో సంచి బియ్యం కొనుక్కుంటున్నాడు. పండించినవాడు కూడ ఎవరి కొట్టులోదో తెలియని బియ్యం తింటున్నాడు.

గాదె పోయినప్పుడు పోయేది గాదె మాత్రమే కాదు. ఏ మడి వడ్లు నిలుస్తాయో, ఏ నెలలో గాదె తెరవరాదో, పాతది ఎక్కడ ఆగి ముక్కినది ఎక్కడ మొదలవుతుందో ఎరిగిన చేయి పోతుంది. ఆ ఎరుక పుస్తకంలో వ్రాసుకోగలిగినది కొంత, చేతినుంచి చేతికి రావలసినది చాలా. దానిని నిలుపుకోవడానికి పెద్ద పథకాలు అక్కరలేదు. పొలమున్నవారు ఒక్క బస్తా వడ్లు మండువేసవిలో బాగా ఎండబెట్టి, గాలి తగిలే ఎత్తైనచోట బల్లమీద ఉంచి, పంట పేరు, మడి పేరు, కోసిన నెల ఒక చీటీమీద వ్రాసి కట్టండి. వానలు వెలిసిన తరువాత ఒకసారి విప్పి ఎండ చూపండి. పొలం లేనివారు ఒక రైతును తెలిసి పెట్టుకోండి. ఏడాది ముందుగా చెప్పి, ఉంచినందుకు అతనికి న్యాయమైన అదనపు ధర ఇవ్వండి. ఉంచడం కూడ ఒక శ్రమే. మామూలు ధరకు పాత బియ్యం కావాలనేవారే నకిలీకి తలుపు తెరుస్తున్నారు.

మా అత్త గతించి రెండేళ్ళయింది. ఆమె పోయించిన చివరి వడ్లలో ఒక బస్తా నా వంతుకు వచ్చింది. మొన్న దానిని మొదటిసారి విప్పాను. గుప్పెడు తీసి అరచేతిలో రుద్ది, నోటి ఆవిరి పట్టి, చాలసేపు వాసన చూశాను. పొడిగడ్డి వాసనే అనిపించింది. నిజమో, నా ఆశో తేల్చిచెప్పడానికి పక్కన ఎవరూ లేరు. ఒక పడి వడ్లు దంచించి వండించాను. నాయన తొలిముద్ద ఉత్తదే తిన్నారు. ఏమంటారోనని చూస్తున్నాను. ఆయన నావైపు తిరిగి, "నువ్వే చెప్పు" అన్నారు.

నేను ఇంకొక ముద్ద తిని, పాతదేనని చెప్పాను. ఆయన తల ఊపి, చారు పోయమన్నారు.